ఖాళీగా వదిలిన గడి

"ఇది నీ సంతకమేనా?"

అక్క ఆ కాగితాన్ని భోజనాల బల్ల మీద పరిచి, పైన ఉప్పు డబ్బా పెట్టింది. ఫ్యాను గాలికి ఎగురుతుందని కాదు. చెల్లెలు లాక్కుని సంచిలో పడేసుకుంటుందేమోనని.

చెల్లెలు కాగితం వైపు చూసింది. ప్లానింగు ఆఫీసులో పద్నాలుగేళ్లుగా ఊళ్లోవాళ్ల గోడలూ గుమ్మాలూ కొలుస్తున్న మనిషి ఆమె. చేతిలో టేపు లేకుండా ఎవరూ ఎప్పుడూ చూడలేదు గనక టేపమ్మ అన్న పేరు స్థిరపడిపోయింది. కన్నవాళ్లు ముచ్చటపడి పెట్టిన పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. అలాంటి మనిషికి తన సంతకం తనకి తెలియదా? చివర తోక కాస్త పైకి లేచిన ఆ గీత ఆమెదే.

"నాదే," అంది.

"అయితే శబ్దం కొలిచింది నువ్వేనన్నమాట."

"నేనే అక్కా."

"ఎక్కడ నిలబడి కొలిచావో కూడా చెప్పు. మీ బావ కూడా వింటారు."

కిటికీ పక్క కుర్చీలో బావ కట్టు కట్టిన కుడిచేతిని దిండు మీద ఆనించుకుని కూర్చున్నాడు. నాలుగు రోజుల క్రితం రొట్టెల ఫ్యాక్టరీలో, పిండి కలిపే యంత్రం పక్కన నిలబడే కునికాడు. కన్ను మూతపడింది ఒక్క క్షణమే. ఆ క్షణంలో రెండు వేళ్లు నుజ్జయ్యాయి. ఇరవై రెండేళ్లుగా రాత్రి డ్యూటీ చేసి పగలు నిద్రపోయే మనిషికి ఏడాదిన్నరగా పగటి నిద్ర లేదు. పక్క స్థలంలో గాజు పెట్టెల్లాంటి ఆరు ఆటగదులు లేచాయి. దానికి ఎరీనా అని పేరు పెట్టారు. పొద్దున్న ఆరింటి నుంచి బ్యాటుకి బంతి, బంతికి అద్దం తగులుతూనే ఉంటాయి. మధ్యమధ్య ఈలలు, కేకలు, గెలిచినవాళ్ల కోసం మైకులో పాటలు.

ఇప్పుడు కూడా టకటకమని వినిపిస్తూనే ఉంది.

"మన మేడ మీద," అంది టేపమ్మ.

"మన మేడ మీద! నాకు బాగా గుర్తుంది. బుధవారం. ఆఫీసు పని మీద వచ్చానక్కా, మిషను గంటసేపు పైన పెట్టుకుంటానన్నావు. రోడ్డు వెడల్పు చేస్తారేమో అనుకున్నాను నేను. అది పైన పని చేస్తుంటే నువ్వు కింద కూర్చుని రెండుసార్లు వడ్డించుకుని తిన్నావు."

"దేనికని నువ్వు అడగలేదు కదక్కా."

"అవునమ్మా, తప్పు నాదే. నా ఇంటి మీదెక్కి నా కొంప ముంచుతున్నావా అని అడగాల్సింది."

"అమ్మా, మీరిద్దరూ తర్వాత పోట్లాడుకోండి," అంది బల్లకి ఆ చివర కూర్చున్న లాయరమ్మ. అక్క వేసిన అప్పీలు చూస్తున్నది ఆవిడే. బుగ్గన దగ్గుబిళ్ల పెట్టుకుని మాట్లాడటం ఆవిడ అలవాటు. ఆ బిళ్ల కరిగేలోగా ఎంతటి కేసైనా అరటిపండు ఒలిచినట్టు చెప్పేస్తుందని పేరు. "విచారణ ఎల్లుండే. నాకు ముందు ఒక్క సంగతి తేలాలి. రూలు ఏమంటుంది? కొత్తగా వచ్చే చప్పుడు, ఆ వీధిలో అప్పటికే ఉన్న చప్పుడు కంటే ఐదు పాయింట్లు మించకూడదు. మీ కొలత ప్రకారం ఈ వీధిలో ముందునుంచీ అరవై మూడు ఉంది. ఎరీనావాళ్లది అరవై ఆరు ఉంటుందని అంచనా. మూడే తేడా అని అనుమతి ఇచ్చేశారు. మొన్న వాళ్లు మరమ్మతుకని మూసినప్పుడు నేను మనిషిని పెట్టి కొలిపించాను. నలభై నాలుగు వచ్చింది. మరి ఆ రోజు అరవై మూడు ఎక్కణ్నుంచి ఊడిపడింది?"

అక్క కిటికీలోంచి అవతల కార్లు ఆగిన స్థలం వైపు చూసింది.

"కోత మిల్లు," అంది అక్క చివరికి.

ఇప్పుడు ఎరీనావాళ్లు కార్లు నిలుపుతున్న స్థలంలో నలభై ఏళ్లపాటు కలప కోసే మిల్లు ఉండేది. అక్కాచెల్లెళ్లిద్దరూ ఈ ఇంట్లోనే పుట్టారు. ఆ రంపం చప్పుడులోనే పాలు తాగారు, ఎక్కాలు వల్లెవేశారు, జడలు లాక్కుని కొట్టుకున్నారు. మిల్లుకి సెలవైన రోజునే ఏదో తక్కువైనట్టు ఉలిక్కిపడి లేచేవారు. బావ కూడా పెళ్లయిన కొత్తలో నెల్లాళ్లు విసుక్కున్నాడు గానీ, తర్వాత ఆ చప్పుడు లేనిదే నిద్రపట్టదనే దాకా వచ్చాడు.

కొలతల కాగితంలో ఒక గడి ఉంటుంది. 'ఆ సమయంలో వినిపించిన ఇతర శబ్దాలు' అని. కుక్కలు మొరిగితే రాయాలి, లారీ పోతే రాయాలి. మిల్లు నడుస్తుంటే తప్పకుండా రాయాలి. రాస్తే, అది ఆగిన రోజున మళ్లీ వచ్చి కొలవాలి. ఆ బుధవారం టేపమ్మ ఆ గడిని దొంగతనంగా దాటెయ్యలేదు. మేడ మీద పెన్ను పట్టుకుని చెవులు రిక్కించి మరీ విన్నది. ఏమీ వినపడలేదు. గోడకవతల అంత లావు రంపం దుంగల్ని చీలుస్తుంటే ఆమెకి వినపడింది ఏమీ లేదు. ఆ గడి ఖాళీగా వదిలి, కింద సంతకం పెట్టి, అక్క పిలిస్తే భోజనానికి దిగింది.

"నీకెప్పుడు తెలిసింది?" అక్క గొంతు తగ్గింది. అది తగ్గిందంటేనే భయం. "తప్పు జరిగిందని నీకెప్పుడు తెలిసింది?"

టేపమ్మ కాగితం అంచు సరిచేసింది.

"అడుగుతున్నది నిన్నే."

"మిల్లు మూసేశాక... ఒకరోజు మీ ఇంటికొస్తూ వీధి మలుపులో ఆగిపోయాను. చెవుల్లో దూది పెట్టినట్టుంది. అప్పుడు తట్టింది."

"అప్పటికి ఎరీనా లేచిందా?"

"పునాదులు తీస్తున్నారు."

అక్క కుర్చీలో కూలబడింది. పునాదుల దగ్గరే ఒక్క ఉత్తరం రాసి ఉంటే పని ఆగిపోయేది. ఆ సంగతి ఈ బల్ల చుట్టూ కూర్చున్న నలుగురికీ తెలుసు. ఆ ఉత్తరం రాద్దామని టేపమ్మ మూడుసార్లు కాగితం తీసింది. పొరపాటున అని మొదలుపెడితే ఎవరి పొరపాటని అడుగుతారు, ఇంకేం కొలిచావని పాత ఫైళ్లన్నీ తిరగేస్తారు. రేపు రాద్దాంలే అనుకుంది. రేపులు గడిచి గోడలు లేచాయి, గోడలకి అద్దాలు వచ్చాయి. ఆ తర్వాత ఈ ఇంటికి రావడమే తగ్గించింది. అక్క ఫోన్ చేస్తే ఆఫీసులో ఊపిరాడటం లేదనేది. ఎంత పిరికిదాన్నని ఇప్పుడు తనమీద తనకే అసహ్యం వేసింది.

"దాన్నింక ఏమీ అనకు," అన్నాడు బావ. "మిల్లు చప్పుడు నాకూ వినపడేది కాదు. నీకు మాత్రం వినపడేదా?"

"మీరు ఊరుకోండి. చెయ్యి పోగొట్టుకుని కూడా మరదలికి వకాల్తా!"

"చెయ్యి ఉంది. వేళ్లే కాస్త..." అంటూ నవ్వబోయాడు. నొప్పికి మొహం వంకర పోయింది.

లాయరమ్మ బిళ్ల కొరికింది. "మిల్లు ఓనరు పోయాడు. వాళ్ల పిల్లలు కాగితాలన్నీ తూకానికి అమ్మేశారు. కలప రాని రోజున మిల్లు ఆగేదట, కాబట్టి రోజూ నడిచేదని చెబితే చాలదు. రెండేళ్ల క్రితం ఫలానా బుధవారం నడిచిందని వీధిలో ఎవరూ ఒట్టేసి చెప్పలేరు. చెప్పగలిగింది ఇద్దరే. కొలిచిన ఈవిడ, ఇంట్లో మేలుకుని ఉన్న మీరు. ఇద్దరూ ఒకే మాట చెబితే అనుమతి నిలవదు."

"నేను చెబుతాను," అంది టేపమ్మ.

అక్క తలెత్తి చూసింది. "ఉద్యోగం?"

"పోతే పోతుంది. చెబుతానన్నాను కదా."

అక్క ఉప్పు డబ్బా తీసుకెళ్లి అలమరలో పెట్టింది. వెనక్కి వచ్చి చెల్లెలి ముందు గ్లాసుడు టీ పెట్టింది. పంచదార రెండు చెంచాలు, చిన్నప్పటి లెక్క. టేపమ్మ అది చల్లారేదాకా పట్టుకుని కూర్చుంది.

మర్నాడు ఆఫీసులో పెద్దసారు పిలిచాడు. కోపిష్టి కాదు. కోప్పడినా బాగుండేది.

"రేపు మీ అక్కగారి విచారణట. నువ్వు సాక్షివట," అన్నాడు కళ్లజోడు తుడుచుకుంటూ. "ఏం చెబుతావో నేనడగను. ఒక్కటి ఆలోచించుకో. మిల్లు నడుస్తుండగా కొలిచి ఆ గడి ఖాళీగా వదిలానంటే, నీ చేత్తో రాసిన కాగితాలన్నీ బయటికి తీస్తారు. నూటయాభై ఉంటాయా?"

"నూటడెబ్బై రెండు సార్."

"అదీ. వాటి మీద ఇళ్లు లేచాయి, స్కూలు లేచింది. అన్నిటికీ తగువులు. ఇక మాట మార్చింది అక్క కోసం కాదంటే నమ్మేవాడెవడు? నువ్వు మంచి పనిమంతురాలివి. మిషను తప్పు చూపించి ఉండొచ్చు, గాలి ఉండొచ్చు. నేనైతే కాగితంలో ఉన్నదే చెబుతాను. అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడను."

"నాకు వినపడలేదు సార్. నిజంగా వినపడలేదు."

"ఆ మాట అక్కడ అన్నావంటే, శబ్దం కొలిచే మనిషికి రంపం వినపడలేదట అని పేపర్లో వేస్తారు," అన్నాడు పెద్దసారు. ఎగతాళిగా కాదు, జాలిగా.

విచారణ గది రెండో అంతస్తులో. పొడుగాటి బల్ల, దాని వెనక విచారణాధికారి. ఆయన ప్రతి జవాబూ తన చేత్తో తనే రాసుకుంటాడు, రాసింది పైకి చదువుతాడు, అవునా అని అడుగుతాడు. అవుననిపించుకుంటే గానీ ముందుకి కదలడు. ఎంత వేగిరపడే లాయరైనా ఆయన పెన్ను వెనకే నడవాలి.

ముందు వరసలో పెద్దసారు కూర్చున్నాడు. వెనక వరసలో అక్క. బావ చేతికి కట్టు మార్పించుకుని వస్తానని ఆస్పత్రిలో ఆగాడు.

ముందు టేపమ్మని పిలిచారు. ప్రమాణం చేయించారు. లాయరమ్మ సూటిగా అడిగింది.

"మీరు కొలతలు తీసిన సమయంలో పక్కనున్న కోత మిల్లు నడుస్తోందా, లేదా?"

నడుస్తోందండీ. రెండు రోజులుగా ఈ మాటే సాధన చేసింది. బస్సులో అనుకుంది, మెట్లెక్కుతూ అనుకుంది. తీరా నోరు తెరిచేసరికి పెద్దసారు కళ్లజోడు తీసి తుడవడం కంటబడింది. నూటడెబ్బై రెండు కాగితాలు కళ్లముందు తిరిగాయి.

"ఇతర శబ్దాలు అన్న గడి ఖాళీగా ఉందండీ," అంది.

లాయరమ్మ నోట్లో బిళ్ల ఆగింది. "గడి సంగతి కాదమ్మా. మిల్లు సంగతి."

"ఖాళీగా ఉందంటే... ఏమీ వినపడలేదని."

ఎరీనా తరఫు లాయరు, నున్నగా దువ్విన తలవాడు, అందుకున్నాడు. "అంటే మిల్లు నడవలేదనేగా?"

"అనుకుంటానండీ."

విచారణాధికారి పెన్ను ఆపాడు. "అనుకుంటానని రాయలేనమ్మా. నడిచిందా, నడవలేదా?"

ఒక్క చిన్న మాట చాలు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. చూసి ఉంటే చెప్పేదేమో. ఆ సంగతి తర్వాత ఎన్నిసార్లు తల్చుకుని ఏడ్చినా ఏం లాభం?

"నడవలేదు," అంది.

"కొలతల సమయమున మిల్లు నడవలేదు," అని ఆయన రాసి, చదివాడు. "అవునా?"

"అవునండీ."

తర్వాత అక్కని పిలిచారు. పక్కనుంచి నడిచి వెళుతూ అక్క ఆమె వైపు చూడలేదు. లాయరమ్మ మొహం గంటు పెట్టుకున్నా గొంతు మాత్రం నిబ్బరంగానే ఉంది. ఇంకా ఒక సాక్షి మిగిలి ఉంది. ఇంటావిడ నడిచిందని గట్టిగా చెబితే, కొలిచినావిడ కాదన్నా తగువు నిలబడుతుంది.

"ఆ బుధవారం మీరు ఇంట్లోనే ఉన్నారు కదా?"

"ఉన్నాను."

"మిల్లు నడిచిందా?"

అక్క బల్ల అంచుని రెండు చేతులతో పట్టుకుంది. నడిచిందంటే ఏమవుతుందో ఆమెకి తెలుసు. తన ఇల్లు తనకి దక్కుతుంది, మొగుడికి నిద్ర దక్కుతుంది. చెల్లెలు ఇప్పుడే, ఇంతమంది ముందు, ప్రమాణం చేసి అబద్ధమాడిందని తేలుతుంది. ఉద్యోగం ఒక్కటే పోయేటట్టయితే అక్క చెప్పేసేది. కానీ దీన్ని దొంగసాక్ష్యం అంటారు, జైల్లో పెడతారు.

చెప్పెయ్యి అక్కా, నేనెలా పోతే నీకేం, అని టేపమ్మ లోపల్లోపల మొత్తుకుంది.

"లేదండీ," అంది అక్క. "ఆ రోజు నడవలేదు."

"అమ్మా, బాగా గుర్తు చేసుకోండి," అంది లాయరమ్మ.

"గుర్తుంది. ఆ రోజు మా చెల్లెలు భోజనానికి వచ్చింది. నెమ్మదిగా కూర్చుని కబుర్లు చెప్పుకున్నాం. చప్పుడేమీ లేదు."

విచారణాధికారి రాశాడు, చదివాడు, అవునా అన్నాడు. అక్క అవునంది. టేపమ్మ లేచి నిలబడింది. ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. తిరిగొస్తున్న అక్క ఆమె మణికట్టు పట్టుకుని, పళ్లబిగువున, ఒక్కటే అంది.

"కూర్చో."

చిన్నప్పుడు తప్పు చేసి దొరికిపోతే నాన్న ముందు అక్క ఇలాగే కూర్చోబెట్టి తను మాట్లాడేది. టేపమ్మ కూర్చుంది.

"ఇంకా ఎవరైనా ఏమైనా చెప్పదలిస్తే సోమవారం సాయంత్రంలోగా రాతమూలకంగా ఇవ్వొచ్చు," అని చదివి, విచారణాధికారి ఫైలు మూశాడు.

వరండాలోకి వచ్చాక లాయరమ్మ ఆగింది. కోపం చూపించలేదు. దగ్గుబిళ్ల కాగితాన్ని మడిచి మడిచి సంచిలో వేసుకుంది. "నేను ఇరవయ్యేళ్లుగా చేస్తున్నానమ్మా ఈ పని," అంది అక్కతో. "గెలిచే కేసుని ఇంటివాళ్లే ఓడించుకోవడం ఇదే మొదటిసారి చూడటం." మెట్లు దిగి వెళ్లిపోయింది.

అక్కాచెల్లెళ్లు బెంచీ మీద చెరో కొసన కూర్చున్నారు. మధ్యలో ఇద్దరు మనుషులు పట్టేంత చోటు.

"ఎందుకలా చెప్పావక్కా?"

"నువ్వెందుకలా చెప్పావు?"

"భయమేసింది."

"నాకూ వేసింది," అంది అక్క. "నీ భయం నీ గురించి. నా భయమూ నీ గురించే. అదే నా ఖర్మ."

టేపమ్మ మొహం చేతుల్లో దాచుకుంది. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లలేదు. అక్క ఓదార్చలేదు, తిట్టలేదు. గోడ మీద అంటించిన నోటీసులు ఒకటొకటిగా చదువుతున్నట్టు కూర్చుంది.

బావ మెట్లెక్కి వచ్చాడు. చేతికి కొత్త కట్టు తెల్లగా మెరుస్తోంది. ఆయాసపడుతున్నా మొహం మాత్రం వికసించి ఉంది.

"అయిపోయిందా? నేను లేకుండానే కానిచ్చేశారా? కింద లాయరమ్మ కనపడింది, ఏమైందంటే మీ ఇంటావిణ్నే అడగమని వెళ్లిపోయింది. గుమాస్తా చెప్పాడులే, సోమవారం దాకా రాసి ఇవ్వొచ్చని." ఇద్దరి మధ్య ఖాళీ చోట్లో కూర్చున్నాడు. "ఇంకేం! నోటితో చెప్పిన దానికంటే రాతకి విలువెక్కువ. మరదలు రాసిస్తుంది. ఏమ్మా, రాసిస్తావుగా? మిల్లు నడిచిందని నాలుగు ముక్కలు. నిజమేగా రాసేది!"

టేపమ్మ తలెత్తింది. రాస్తాను బావా అనబోయింది. ఈసారి నిజంగానే రాసేది. ఉద్యోగం పోనీ, పేపర్లో వెయ్యనీ, జైల్లో పెట్టనీ. మాట పెదాల దాకా వచ్చి, అక్క మొహం చూసి ఆగిపోయింది.

"రాయమనండి," అంది అక్క, నోటీసు మీంచి చూపు తిప్పకుండానే. "కానీ ఆ బల్ల ముందు ప్రమాణం చేసి అబద్ధమాడింది ఒక్కరు కాదు, ఇద్దరని కూడా రాయమనండి. రెండో పేరు నాది."

బావ నవ్వు మొహం మీదే ఆగిపోయింది. కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని, ఒకసారి భార్య వైపు, ఒకసారి మరదలి వైపు చూశాడు.

"ఏం చెప్పి వచ్చారే మీరిద్దరూ లోపల?" అన్నాడు.